మ్యాప్ మీద దూరం సర్కిళ్లు: అడవిలో మనిషి తప్పిపోతే ఎంతవరకు పనికొస్తాయి?

గుట్టలబాట (హనుమకొండ) | శుక్రవారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. వానలు మొదలైతే మా నడక బృందం మళ్లీ ములుగు, భూపాలపల్లి వైపు బయల్దేరుతుంది. పాండవుల గుట్టలు, లక్నవరం చుట్టుపక్కల, అనుమతి ఉన్నచోట జలపాతాలు. ఈసారి వచ్చేవాళ్లలో సగం మంది కొత్తవాళ్లే. తాడ్వాయి దాటాక చాలాచోట్ల సిగ్నల్ ఉండదని మీకు తెలుసు.

నా ఆలోచన ఇది. బండ్లు ఆపే చోటు కేంద్రంగా 1, 2, 3, 5 కిలోమీటర్ల సర్కిళ్లు గీసిన మ్యాప్ ప్రతి నడకకూ తయారుచేయాలి. ఒకటి అందరి ఫోన్లలో, ఒకటి కాగితం మీద, ఒకటి ఇంటి దగ్గర ఉన్నవాళ్ల చేతిలో. ఎవరైనా కనిపించకపోతే ఎంత దూరం పోయి ఉంటారో అంచనా వేయడానికి ఒక మొదలు దొరుకుతుంది.

2023 జూలైలో వెంకటాపురం మండలంలోని ముత్యాలధార జలపాతం చూడటానికి వెళ్లిన దాదాపు ఎనభై మంది, తిరిగి వచ్చే దారిలో వాగు పొంగి రాత్రంతా అడవిలో చిక్కుకుపోయారు. ఎన్డీఆర్ఎఫ్, పోలీసులు వెళ్లి బయటికి తెచ్చారు. అప్పటినుంచి కొత్తవాళ్లను తీసుకెళ్లాలంటే నాకు టెన్షన్‌గానే ఉంటుంది.

సర్కిళ్లు ఎందులో గీయాలి? నిజంగా వెతకాల్సి వస్తే అవి పనికొస్తాయా, లేక ఊరికే ధైర్యం కోసమా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.


చుక్కల మ్యాప్ (కాజీపేట) | శుక్రవారం రాత్రి 10:25

గీయడం తేలికే అన్నా, ముందు అది చెప్తాను. కంప్యూటర్ ఉంటే గూగుల్ ఎర్త్ ప్రో పెట్టుకోండి, 2015 నుంచి ఉచితమే. పైన స్కేలు బొమ్మ నొక్కితే వచ్చే పెట్టెలో 'సర్కిల్' ట్యాబ్ ఉంటుంది. కేంద్రం మీద నొక్కి మౌస్ జరుపుతుంటే వ్యాసార్థం కనిపిస్తుంది. సేవ్ చేసి, కేఎంఎల్ ఫైలుగా (మ్యాప్ గీతలు దాచే ఫైలు) ఫోన్‌కు పంపుకోండి. ఓఎస్ఎమ్ఆండ్ అనే మ్యాప్ యాప్ ఆ ఫైలును తెరుస్తుంది. తెలంగాణ మ్యాప్ ముందే దించుకుంటే నెట్ లేకున్నా నడుస్తుంది. ఆ యాప్‌లోనే 'రేడియస్ రూలర్' అని ఒకటి ఉంది. ఆన్ చేస్తే సర్కిళ్లు వాటంతటవే పడతాయి, కానీ మీరు మ్యాప్‌ను దగ్గరకు, దూరానికి జరిపినప్పుడల్లా వాటి దూరాలు మారతాయి. అడవిలో ఒక చూపు చూసుకోవడానికి బాగుంటుంది. నలుగురూ ఒకే మ్యాప్ చూస్తూ మాట్లాడుకోవాలంటే మాత్రం ముందే గీసిన ఫైలు ఉండాలి. ఫోన్‌లోని గూగుల్ మ్యాప్స్‌లో రెండు చోట్ల మధ్య దూరం కొలవచ్చు, సర్కిల్ గీయడానికి వీలు లేదు.

క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ఒకటి చూసుకోండి. వెబ్ మ్యాపులు వాడే 3857 ప్రొజెక్షన్‌లోనే (గుండ్రటి భూమిని చదును మ్యాప్‌గా పరిచే పద్ధతి) బఫర్, అంటే చుట్టూ దూరపు సర్కిల్, గీస్తే, మన 18 డిగ్రీల అక్షాంశం దగ్గర 5 కిలోమీటర్లు అనుకున్నది నేల మీద 4.75 మాత్రమే. పావు కిలోమీటరు పోయింది. డిగ్రీల్లో 0.05 అని ఇస్తే ఉత్తర దక్షిణాలకు 5.5, తూర్పు పడమరలకు 5.3 వస్తుంది, గుండ్రంగా కూడా ఉండదు. యూటీఎమ్ అనే ప్రొజెక్షన్‌లో 44 ఉత్తర జోన్ పెట్టి గీయండి, కోడ్ 32644. వరంగల్, ములుగు, మంచిర్యాల, ఆదిలాబాద్ అన్నీ అందులోకే వస్తాయి. బోధన్ వైపు పోతే మాత్రం 78 డిగ్రీల రేఖాంశం దాటుతాం, అక్కడ 43వ జోన్.


మేడారం దారి (తాడ్వాయి) | శనివారం ఉదయం 6:50

పొద్దున్నే చదివిన. గీయండి, వద్దనను. కానీ ఈ అడవిలో పుట్టి పెరిగినవాడిగా ఒక మాట చెప్పాలి. మీ సర్కిల్ గాలిలో ఎగిరే పక్షికి సరిపోతుంది. నడిచే మనిషికి దారి వేరు. మ్యాప్ మీద 2 కిలోమీటర్లు కనిపించే చోటికి వాగు చుట్టి, గుట్ట దిగి, పోడు చేల గట్ల మీదుగా పోతే 5 అవుతుంది. ఏటూరునాగారం నుంచి గీసిన సర్కిల్ గోదావరి దాటి అవతలి ఒడ్డు మీద కూడా పడుతుంది. అక్కడికి పోవాలంటే ముల్లకట్ట వంతెన దాకా పోక తప్పదు.

ఇంకోటి. 2024 ఆగస్టు 31న వచ్చిన సుడిగాలికి తాడ్వాయి, మేడారం మధ్య వేల చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. ఉపగ్రహం ఫొటో పాతదైతే అక్కడ దట్టమైన అడవి, మధ్యలో ఎడ్లబండి బాట కనిపిస్తాయి. నిజంగా పోతే అడుగడుగునా మొద్దులు. బాట ఉందని మ్యాప్ చెప్తే నమ్మి రాత్రిపూట మనిషిని పంపితే ఏమవుతుంది?

గూడెంలో ఇద్దరు పెద్దమనుషులను అడిగితే మనిషి ఏ వైపు దిగి ఉంటాడో వాళ్లే చెప్తారు. మ్యాప్ వాళ్ల తర్వాతే.


నిర్మల్ ఘాట్ (నిర్మల్) | శనివారం ఉదయం 8:15

మేడారం అన్న చెప్పింది నిజం. అయినా సర్కిల్ అవసరం ఎక్కడ పడుతుందో ఒక లెక్క చూడండి.

దారి లేని అడవిలో మనిషి గంటకు 2 కిలోమీటర్లు నడుస్తాడనుకుందాం. తప్పిపోయిన గంటకు 2 కిలోమీటర్ల సర్కిల్. దాని వైశాల్యం సుమారు 12.5 చదరపు కిలోమీటర్లు. మూడు గంటలు దాటితే సర్కిల్ 6 కిలోమీటర్లు, వైశాల్యం 113. దూరం మూడింతలైతే వెతకాల్సిన నేల తొమ్మిదింతలు. ఇప్పుడు పదిమంది 20 మీటర్ల ఎడంతో వరసగా నడిచారనుకోండి, ఒకసారికి 200 మీటర్ల పట్టీ చూస్తారు. పొదల్లో గంటకు కిలోమీటరు కంటే వేగంగా పోలేరు. అంటే గంటకు 0.2 చదరపు కిలోమీటరు. మొదటి గంట సర్కిల్‌నే పూర్తిగా చూడాలంటే 60 గంటలపైనే పడుతుంది. మూడు గంటలదైతే 560 గంటలకు పైన.

నేను ఈ లెక్క చెప్పేది భయపెట్టడానికి కాదు. "మేమే కాసేపు వెతికి చూసి తర్వాత ఫోన్ చేద్దాం" అని ఆగిన ప్రతి అరగంటకూ ఎంత నేల పెరుగుతోందో కనిపించాలని. ఫోన్ ముందు, వెతుకులాట తర్వాత. మా వైపు కుంటాల జలపాతం దగ్గరైనా, కవ్వాల్ అడవి అంచునైనా జనం చేసేది దీనికి తిరగేసే.


పాకాల గట్టు (నర్సంపేట) | శనివారం ఉదయం 10:05

నేను సర్వే పని చేసి రిటైరైనవాడిని. గుట్టలబాట గారూ, మీ ఆలోచనలో ఒకటి మొదటే సరిచేసుకోవాలి. బండ్లు ఆపిన చోటు మీ నడకకు కేంద్రం. వెతకడానికి అది కేంద్రం కాదు. మనిషిని చివరిసారి ఎవరు, ఎక్కడ, ఎన్ని గంటలకు చూశారో ఆ చోటే కేంద్రం. గుంపు జలపాతం దగ్గర ఫొటో దిగింది, ఆ తర్వాత ఒకరు కనిపించలేదు అంటే కేంద్రం జలపాతమే, పార్కింగ్ కాదు. రెండింటి మధ్య 3 కిలోమీటర్లుంటే, పార్కింగ్ చుట్టూ గీసిన 2 కిలోమీటర్ల సర్కిల్‌లో ఆ మనిషి ఉండే అవకాశమే తక్కువ.

ఆ చోటు తెలుసుకోవడానికి ఫొటోలు మంచి ఆధారం. ఫోన్‌తో తీసిన ఫొటోలో లొకేషన్ ఆన్‌లో ఉంటే చోటు, సమయం రెండూ నమోదవుతాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఆ వివరాలు పోతాయి కాబట్టి, తీసిన ఫోన్‌లోనే చూడాలి లేదా డాక్యుమెంట్‌గా పంపించుకోవాలి.

తర్వాత ప్రతి సర్కిల్ పక్కనా సమయం రాయండి. "మధ్యాహ్నం 3:20కి చివరిగా చూశారు, సాయంత్రం 5కి 3 కిలోమీటర్లు" అని. సమయం లేని సర్కిల్‌ను రెండు గంటల తర్వాత వచ్చిన బృందం చూస్తే, అది ఎప్పటి లెక్కో వాళ్లకు ఎలా తెలుస్తుంది? కొత్త ఆధారం దొరికితే, ఉదాహరణకు చెప్పు, నీళ్ల సీసా, అడుగుజాడ, అక్కడినుంచి కొత్త సర్కిల్ గీయండి. పాతది చెరపొద్దు. ఆ సీసా వాళ్లది కాదని తేలితే మళ్లీ పాతదానికే రావాలి.

కాగితం మీద పని చేయాలంటే సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 షీట్ తీసుకోండి, వాళ్ల ఆన్‌లైన్ మ్యాప్స్ పోర్టల్‌లో దొరుకుతాయి. 2 సెంటీమీటర్లు అంటే 1 కిలోమీటరు. స్కూలు పిల్లల కంపాస్ చాలు. ఫోన్ తడిసినా, ఛార్జింగ్ అయిపోయినా కాగితం ఉంటుంది.


తునికాకు (వెంకటాపురం) | శనివారం మధ్యాహ్నం 1:30

మా ఊళ్లో జరిగింది చెప్తాను. పేర్లు వద్దు. మతిమరుపు ఉన్న ఒక పెద్దాయన సాయంత్రం పశువుల వెనక పోయి తిరిగి రాలేదు. ఊరంతా కదిలింది. కుర్రాళ్లు బండ్లేసుకుని దూరం దూరం పోయారు, పక్క మండలం దాకా. "ఇంతసేపట్లో ఎంత దూరమైనా పోయి ఉంటాడు" అని అందరి నోటా అదే. ఆయన దొరికింది ఇంటికి కిలోమీటరు లోపే, ఎండిన వాగు మలుపులో, ముళ్ల పొదల మధ్య. ఎదురుగా పొద అడ్డం వస్తే వెనక్కి తిరగాలని తోచలేదు ఆయనకు, అందులోకే దూరి ఆగిపోయాడు. పక్కనుంచి జనం పేరు పెట్టి పిలుస్తూ పోయినా పలకలేదు.

కాబట్టి పెద్ద సర్కిల్ చూసి దూరం పరుగెత్తడం కాదు, లోపలి సర్కిల్‌ను వంగి, పొద ఎత్తి చూడాలి. వయసు మళ్లినవాళ్ల విషయంలో, పిల్లల విషయంలో మరీ.


గుట్టలబాట (హనుమకొండ) | శనివారం మధ్యాహ్నం 2:10

తునికాకు అన్నా, ఆయన క్షేమంగా ఇల్లు చేరారనుకుంటాను. మనిషిని బట్టి దూరం మారుతుందంటే, దానికి ఏదైనా పద్ధతి ఉందా? పిల్లలకు ఇంత, పెద్దలకు ఇంత అని?


తునికాకు (వెంకటాపురం) | శనివారం మధ్యాహ్నం 2:20

క్షేమమే. కాళ్లకు ముళ్లు, ఒళ్లంతా దాహం. తేరుకున్నాడు.


పాకాల గట్టు (నర్సంపేట) | శనివారం సాయంత్రం 4:45

ఉంది. విదేశాల్లో వెతుకులాట బృందాలు వేల పాత కేసులు పోగుచేసి, తప్పిపోయిన మనిషి చివరిగా కనిపించిన చోటునుంచి ఎంత దూరంలో దొరికాడో లెక్క కట్టాయి. పిల్లలు, మతిమరుపు ఉన్నవాళ్లు, నడకకు వెళ్లినవాళ్లు, వేటగాళ్లు, ఇలా రకరకాలుగా విడదీశాయి. ఒక్కో రకానికి నాలుగు వలయాలు గీస్తారు. లోపలిదానిలో నూటికి 25 మంది దొరికారు, దాన్నీ కలుపుకుని రెండోదాని లోపల మొత్తం 50, మూడోదాని లోపల 75, బయటిదాని లోపల 95 మంది. మామూలు సర్కిల్ మనిషి ఎంత దూరం పోగలడో చెప్తుంది. ఈ వలయాలు అలాంటివాళ్లు నిజంగా ఎంత దూరం పోయారో చెప్తాయి. ఈ రెండింటికీ చాలా తేడా. తునికాకు గారి ఊళ్లో పెద్దాయన పోగలిగిన దూరం చాలా ఉంది, పోయింది కొంచెమే.

ఆ కిలోమీటర్ల అంకెలను తెచ్చి ములుగు అడవి మీద అంటించమని మాత్రం అనను. అవి వేరే నేల, వేరే చలి, వేరే అలవాట్లు. మన దగ్గర అడవికి పోయేవాడు ఇప్పపువ్వుకో, తునికాకుకో, పశువుల కోసమో పోతాడు. వాడికి బాటలు తెలుసు. హైదరాబాద్ నుంచి వచ్చినవాడికి తెలియవు. కానీ పద్ధతి తీసుకోవచ్చు. ప్రతి ఘటనలో చివరిగా కనిపించిన చోటు, దొరికిన చోటు, ఎలాంటి మనిషి, ఏ కాలం, ఈ నాలుగూ ఎవరైనా రాసిపెడితే కొన్నేళ్లలో మన అడవికి మన వలయాలు తయారవుతాయి. ఇది నా చాలా కాలపు కోరిక.


చుక్కల మ్యాప్ (కాజీపేట) | శనివారం సాయంత్రం 6:00

ఫోన్ చూపించే నీలం సర్కిల్ గురించి కూడా చెప్పుకోవాలి, దాన్ని చాలామంది తప్పుగా చదువుతారు. మన చుక్క చుట్టూ లేత నీలం రంగులో కనిపించేది దూరం కాదు, ఫోన్ అనుమానం. ఆండ్రాయిడ్ లెక్క ప్రకారం ఆ సర్కిల్ లోపల మీరు ఉండే అవకాశం నూటికి 68. అంటే మూడుసార్లలో దాదాపు ఒకసారి మీరు దాని బయటే ఉంటారు. లోయలో, దట్టమైన చెట్ల కింద అది ఇంకా పెద్దదవుతుంది. లొకేషన్ పంపేముందు ఆకాశం కనిపించే చోటుకు వచ్చి, సర్కిల్ చిన్నదయ్యేదాకా ఒకటి రెండు నిమిషాలు ఆగాలి.

టవర్ లొకేషన్ ఇంకో రకం. "పోలీసులు టవర్ చూస్తే తెలిసిపోతుంది కదా" అంటారు. టవర్ ఒక చుక్కను ఇవ్వదు. ఫోన్ నుంచి సిగ్నల్ వచ్చి చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి టవర్‌కు దూరం తెలుస్తుంది. పాత 2జీలో ఆ దూరం ఒక్కో మెట్టు సుమారు 550 మీటర్లు, 4జీలో సుమారు 78 మీటర్లు. యాంటెన్నా ఏ వైపు చూస్తోందో తెలిస్తే మొత్తం వలయంలో ఒక ముక్క మిగులుతుంది, చాలాచోట్ల అది 120 డిగ్రీల ముక్క. 6 కిలోమీటర్ల దూరంలో అలాంటి ముక్క పొడవు 12 కిలోమీటర్లు దాటుతుంది. గుట్టకు తగిలి సిగ్నల్ తిరిగి వస్తే దూరం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది కూడా. కానీ ఈ ముక్కను పాకాల గట్టు గారి సర్కిల్ మీద వేస్తే రెండూ కలిసే చోటు చాలా చిన్నది. పని అక్కడ మొదలుపెట్టవచ్చు.


అమ్మ_జనగామ (జనగామ) | శనివారం రాత్రి 8:30

మీ మాటలన్నీ అర్థం కాలేదు గానీ చదువుతుంటే భయమేస్తోంది. మా అబ్బాయి స్నేహితులతో వచ్చే వారం బొగత జలపాతానికి పోతానంటున్నాడు. వాడికి ఈ సర్కిళ్లు అవన్నీ రావు. ఏదైనా అయితే వాడు ఏం చేయాలి, నేను ఏం చేయాలి, అది ఒక్కటి చెప్పండి.


నిర్మల్ ఘాట్ (నిర్మల్) | శనివారం రాత్రి 8:55

అక్కా, భయపడకండి. బొగత దగ్గర దారి ఉంది, అటవీ శాఖ మనుషులు ఉంటారు, వాళ్లు పొమ్మన్న చోటుకే పోతే చాలు. వాన పెద్దదైతే లోపలికి వదలరు, అప్పుడు వాదించొద్దని చెప్పండి.

వెళ్లేముందు బాబు మీకు మూడు సంగతులు మెసేజ్ పెట్టాలి: ఎక్కడికి, ఎవరెవరు, ఎన్ని గంటలకల్లా రోడ్డు మీదికి వచ్చి ఫోన్ చేస్తాడు. ఆ సమయం దాటి గంటైనా కబురు లేకపోతే మీరు 112కు ఫోన్ చేయండి. "ఇంకాసేపు చూద్దాం" అనొద్దు.

వాడు దారి తప్పితే అక్కడే కూర్చోవాలి. కదిలితే పైన నేను రాసిన సర్కిల్ పెరుగుతుంది, కూర్చుంటే ఆగిపోతుంది. కాల్ కలవకపోయినా ఒక్కోసారి ఎస్సెమ్మెస్ పోతుంది. మ్యాప్స్‌లో తన నీలం చుక్క మీద వేలు నొక్కి పడితే వచ్చే రెండు అంకెలను అలాగే కాపీ చేసి పంపాలి. సిగ్నల్ లేకపోతే ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఛార్జింగ్ కాపాడుకుని, గంటకోసారి తీసి చూడాలి. ఫ్లైట్ మోడ్‌లోనూ జీపీఎస్ పనిచేస్తుంది.


చుక్కల మ్యాప్ (కాజీపేట) | శనివారం రాత్రి 9:10

అంకెలను కాపీ చేయమన్నది చాలా ముఖ్యం, చూసి రాయొద్దు, నోటితో చెప్పాల్సి వస్తే ఒక్కో అంకె విడిగా చెప్పాలి. ఎందుకంటే ఒకే చోటును రెండు రకాలుగా రాస్తారు. 18 డిగ్రీల 20 నిమిషాల 30 సెకన్లు అనేదాన్ని ఎవరో 18.2030 అని రాసుకున్నారనుకోండి. సరైనది 18.3417. తేడా నేల మీద 15 కిలోమీటర్ల పైన. 5 కిలోమీటర్ల సర్కిల్ ఎంత శ్రద్ధగా గీసినా, కేంద్రం అలా పక్కకు పోతే మొత్తం బృందం వేరే అడవిలో వెతుకుతుంది. చుక్క తర్వాత నాలుగు అంకెలుంటే 11 మీటర్ల లోపు తేడా, వెతకడానికి అది చాలు.


అమ్మ_జనగామ (జనగామ) | శనివారం రాత్రి 9:25

వాడికి పంపించాను. మెసేజ్ పెట్టకుండా కదలొద్దన్నాను. మీకు పుణ్యముంటుంది.


మేడారం దారి (తాడ్వాయి) | ఆదివారం ఉదయం 7:30

నిర్మల్ అన్న లెక్క రాత్రి రెండుసార్లు చదివిన. 560 గంటలంటే ఎవరూ వెతకలేరు. మరి సర్కిల్ అంతా వెతకనప్పుడు ఏం చేయాలో నాకు తోచింది రాస్తున్నా.

సర్కిల్ గీశాక అది వాగులతో, గుట్టలతో, రోడ్లతో కొయ్యాలి. ఆగస్టులో జంపన్న వాగు నిండుగా పారుతుంటే మనిషి అటు దాటడు, దాటబోతే అది వేరే వెతుకులాట. కాబట్టి వాగు అవతలి సగం పక్కన పెట్టొచ్చు. అదే మేలో అయితే ఇసుక మీద నడిచి పోతాడు, పక్కన పెట్టలేం. అంటే ఒకే చోటుకు వానాకాలం మ్యాప్ ఒకటి, ఎండాకాలం మ్యాప్ ఒకటి ఉండాలి. నిట్టనిలువు గుట్ట ఉంటే ఎక్కడు, అంచు వెంబడే పోతాడు.

ఆ తర్వాత సర్కిల్ గీతను రోడ్డు, బాట, ఫైర్ లైన్ (మంట పాకకుండా చెట్లు కొట్టి ఖాళీ ఉంచిన పట్టీ) ఎక్కడ దాటుతున్నాయో చూడాలి. అలాంటివి నాలుగైదే ఉంటాయి. ముందు అక్కడ ఒక్కో మనిషిని, లైటుతో బండిని పెట్టాలి. అడవిలోంచి బయటికొచ్చేవాడు ఏదో ఒక బాట ఎక్కుతాడు. అప్పుడు సర్కిల్ పెరగకుండా మనమే ఆపినట్టు. మిగిలినవాళ్లు లోపల చూడొచ్చు.


నిర్మల్ ఘాట్ (నిర్మల్) | ఆదివారం ఉదయం 8:05

అన్నా, నేను అంకెల దగ్గర ఆగిపోయాను, మీరు దాన్ని పనిలోకి దించారు. ఒకటి కలుపుతాను. బాటల దగ్గర పెట్టిన బండ్లు ఒకదాని తర్వాత ఒకటి, సమయం అనుకుని హారన్ కొట్టాలి. తప్పిపోయినవాడితో ఫోన్ కలుస్తుంటే ఏ హారన్ వినిపించిందో అడగొచ్చు. మొదటి బండిది వినిపించి మూడోదానిది వినిపించకపోతే, మొదటి బండి చుట్టూ చిన్న సర్కిల్ గీసుకోవచ్చు. ఏ వైపునుంచి వినిపించిందని మాత్రం నమ్మొద్దు, గుట్టల్లో చప్పుడు తిరుగుతుంది.


తునికాకు (వెంకటాపురం) | ఆదివారం ఉదయం 9:40

అందరికీ ఒక మాట, ఇది గట్టిగానే చెప్తాను. మ్యాప్ చేతిలో ఉందని, సర్కిల్ గీశామని మీ అంతట మీరు అడవిలోకి దూరొద్దు. ఏటూరునాగారం అభయారణ్యం, అనుమతి లేకుండా పోవడం వన్యప్రాణి చట్టం కింద నేరం. మా వెనక కర్రెగుట్టల వైపు మందుపాతరల భయం ఉంది, ఇక్కడివాళ్లే కట్టెలకు పోవడం మానేసిన చోట్లున్నాయి. ఎలుగులు సరేసరి. సర్కిల్ అంచు సరిగ్గా అలాంటి చోట పడితే, "మ్యాప్‌లో ఇంకా 400 మీటర్లే" అని తిన్నగా నడిచేవాడు ఉంటాడు. అది వద్దు.

పదిమంది తొక్కేస్తే అడుగుజాడలు కూడా పోతాయి. అటవీ శాఖ బీట్ ఆఫీసర్, పోలీసులు, ఊరి పెద్దలు కలిసి ఎవరు ఎటు పోవాలో చెప్పాకే కదలాలి. మీ మ్యాప్ వాళ్ల చేతిలో పెట్టండి. అది మీరు చేయగలిగిన పెద్ద సాయం.


గుట్టలబాట (హనుమకొండ) | ఆదివారం ఉదయం 11:15

అర్థమైంది అన్నా. మా బృందం నియమాల్లో అది మొదట రాస్తాను.

ఇంకో వైపు నుంచి అడుగుతాను. తప్పిపోకుండా ఉండటానికే ఈ సర్కిల్ వాడలేమా? ఎంత దూరం పోయాక వెనక్కి తిరగాలో చెప్పడానికి?


పాకాల గట్టు (నర్సంపేట) | ఆదివారం మధ్యాహ్నం 12:00

సరిగ్గా అడిగారు. అందుకే ముందు వాడాలి. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు ఒక లెక్క చెప్పాడు: చదునులో గంటకు 5 కిలోమీటర్లు, దానికి తోడు ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. ఆ లెక్క చల్లటి దేశపు బలమైన నడకవాళ్లది. మన ఉక్కలో, కొత్తవాళ్లతో, బురదలో సగం వేగమే పెట్టుకోండి.

జూలైలో మనకు ఆరూ ముప్పావు దాటేదాకా వెలుగు ఉంటుంది, డిసెంబర్‌లో ఆరు కాకముందే పొద్దు గూకుతుంది. చీకటికి గంటన్నర ముందు బండ్ల దగ్గర ఉండాలని పెట్టుకుని వెనక్కి లెక్కేస్తే, ఆ రోజుకు మీ సర్కిల్ ఎంతో తెలుస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు బయల్దేరితే డిసెంబర్‌లో అది 3 కిలోమీటర్లు కూడా రాదు, ఎందుకంటే బాట వంకరలు కలిపితే 3 కిలోమీటర్ల సర్కిల్ దాకా నడక నాలుగుకు పైనే. ఇక్కడ బండ్లు ఆపిన చోటే కేంద్రం, మీరు మొదట అనుకున్నట్టే. ఆ గీత దగ్గరికి వచ్చేసరికి జలపాతం ఇంకో అరకిలోమీటరే ఉన్నా వెనక్కి తిరగాలి. దీనికి ఎవరో ఒకరు గట్టిగా ఉండాలి, గుంపులో అందరికంటే పెద్దవారైతే మంచిది.


గుట్టలబాట (హనుమకొండ) | ఆదివారం రాత్రి 9:00

మధ్యాహ్నమంతా కూర్చుని పాండవుల గుట్టల నడకకు కొత్త మ్యాప్ చేశాను. బండ్ల చుట్టూ వెనక్కి తిరగాల్సిన సర్కిల్ ఒక్కటే ఉంచాను, మిగిలినవి తీసేశాను. వెతకడానికి ఖాళీ గడులు పెట్టాను: చివరిగా చూసిన చోటు, చూసినవారు, సమయం, మనిషి వయసు, వేసుకున్న బట్టల రంగు, మందులేమైనా వాడుతున్నారా. సర్కిళ్లు అవసరం పడితే అప్పటికప్పుడు ఆ చోటునుంచే గీస్తాం, పక్కన సమయం రాసి. ఎత్తు గీతలు, రోడ్లు, ఊళ్లు సర్వే ఆఫ్ ఇండియా షీట్ నుంచి తీసుకున్నాను. ఫైలు ఇక్కడ పెడుతున్నాను. చుక్కల మ్యాప్ తమ్ముడూ, ప్రొజెక్షన్ ఒకసారి చూడు.

మేడారం అన్నా, తర్వాతి నడక మీ వైపే. ఏ వాగు ఎంత వానకు దారి మూస్తుందో ఏ మ్యాప్‌లోనూ లేదు. అది మీ దగ్గరే దొరుకుతుంది.


చుక్కల మ్యాప్ (కాజీపేట) | ఆదివారం రాత్రి 9:35

చూశాను అన్నా. ప్రొజెక్షన్ సరిగ్గానే ఉంది, 32644. కాగితం మీద ముద్రించేటప్పుడు 'పేజీకి సరిపడా' అనే ఆప్షన్ తీసేయండి, లేకపోతే స్కేలు మారిపోతుంది, కంపాస్‌తో గీసిందంతా తప్పవుతుంది. స్కేలు పట్టీని కొలిచి చూశాకే అందరికీ ఇవ్వండి.


మేడారం దారి (తాడ్వాయి) | ఆదివారం రాత్రి 10:10

చేద్దాం తమ్మీ. నువ్వు మా మండలం షీట్ పెద్దగా ముద్రించి పంపు, రెండు కాపీలు. గూడెంలో ఇద్దరు పెద్దలతో కూర్చుని, వాగు దాటే చోట్లు గుర్తు పెట్టిస్తా. ఒక రాత్రి వానకు మూసుకునేవి ఎర్ర పెన్నుతో, రెండు మూడు రోజుల ముసురుకు మూసుకునేవి నీలం పెన్నుతో. చోట్ల పేర్లు వాళ్లు పిలిచేవే రాస్తాను, నువ్వు మార్చకు. రేపు ఎవరైనా తప్పిపోతే వెతకడానికి వచ్చేది వాళ్లే.